వెనక నుంచి తీసిన ఫొటో

“ఈ పింద తలకిందులు కుట్టినవేందే?”

“కుట్టుడు తప్పు కాదు. నేసుడే తప్పు.”

“అట్లయితే మంచిగుంది తియ్.”

నేనూ మా ఆయనా మాట్లాడుకున్న చివరి మాటలు ఇవే. ఆయన అంగిని రెండు చేతులా ఎత్తి పట్టుకుని, వీపు మీద నేను వేసిన అతుకును చూసి నవ్వి, తొడుక్కుని, ట్రాలీ ఆటో ఎక్కి వనపర్తి దిక్కు పోయాడు. అక్కడ సిమెంటు బస్తాలు దించుతూ గుండె పట్టుకుని కూలబడ్డాడట. దవాఖానకు చేర్చేలోపే అయిపోయిందన్నారు.

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. ఈ మాట తప్పకుండా రాయమన్నాను. మా వాడలో ఎవరికి ఒళ్లు వెచ్చబడినా గాలి సోకిందంటారు, తాయెత్తు కడతారు. నేను గోలీ వేసుకోమంటాను. పుట్టింది అలంపూర్‌లో. చిన్నప్పుడు పీనుగలను పూడ్చే బొందలగడ్డ పక్క తొవ్వనే నీళ్లు మోశాను. ఏదీ నా వెంట రాలేదు. పోయినవాళ్లు వచ్చేదే ఉంటే ఆయన ఒక్కసారి కలలోకన్నా వచ్చేవాడు. అదీ రాలేదు.

నా చదువు రెండో తరగతితో ఆగింది. సంతకం వస్తుంది, బస్సు బోర్డు కూడబలుక్కుంటాను, అంతే. అందుకే నేను చెప్తుంటే మా చెల్లెలి బిడ్డ శిరీష రాస్తోంది. నా మాట మొరటు, గొంతు ఇంకా మొరటు. ఆమె దాన్ని పుస్తకాల తెలుగులోకి సర్దుతోంది. సర్దుకో గానీ ఏదీ కలపకు అని చెప్పాను.

మాది గద్వాల. నేను చీరల కొంగులకు కుచ్చులు కడతాను. ఆయన ఆటోలో ఎరువు బస్తాలు, సిమెంటు, పెండ్లి సామాన్లు, ఏది దొరికితే అది వేసుకుని తిరిగేవాడు. ఒకరోజు అయిజ, ఒకరోజు నాగర్‌కర్నూల్. తొవ్వలో వింతగా ఏది కనబడినా బండి ఆపి ఫోన్‌తో ఫొటో తీసేవాడు. అదేం పిచ్చో నాకు తెలియదు. సైకిల్ రిమ్ములతో చేసిన గేటు. విమానం ఆకారంలో కట్టుకున్న నీళ్ల ట్యాంకు. పగిలిన గాజులతో పువ్వులు పొదిగిన చాయ్ హోటల్ గచ్చు. లారీ వెనక ఎవరో గీసిన నెమలి, దాని కాళ్లకు బూట్లు. ఒకసారి ఆ బూట్ల నెమలి కోసం లారీ వెనకాలే పోయి పోయి, దించాల్సిన ఊరు దాటిపోయాడు. సరుకు కోసం ఎదురు చూస్తున్న దుకాణం సేటు ఫోన్ చేసి తిట్టిన తిట్లు నాకు వినబడ్డాయి. ఈయన మాత్రం ఫోన్ చెవికి దూరంగా పట్టుకుని నాకు నెమలిని చూపిస్తున్నాడు.

ఇవన్నీ ఫోన్‌లోనే ఉంటే ఎవరికి తెలుస్తుంది పెద్దనాయనా అని శిరీష ఆయనకు ఒక బ్లాగ్ తయారుచేసి ఇచ్చింది. ‘తొవ్వల కనబడ్డది’ అని దానికి ఆయనే పేరు పెట్టుకున్నాడు. ఫొటో కింద ఒక్క ముక్క రాసేవాడు. గేటు కింద “దీని కోసం ఎన్ని సైకిళ్లు పానాలిచ్చినయో” అని ఉందట. చూసేవాళ్లు పదిమందే. వాళ్లలో ఎవరో ఒకరు బాగుందని రాస్తే ఆ రోజు అన్నం ఎక్కువ తినేవాడు.

ఊరందరి గేట్లూ గోడలూ తీశాడు గానీ తన ముఖం తీసుకోలేదు. శిరీష తీయబోతే చేయి అడ్డం పెట్టి “నా మొకం తీస్తే ఫోన్ కరాబైతది” అనేవాడు.

ఆయన పోయాక ఫ్లెక్సీకి ఫొటో కావాలన్నారు. ఆధార్ కార్డు మీదిదే దొరికింది. దాన్ని తలుపంత చేస్తే దొంగతనం కేసులో దొరికినవాడిలా వచ్చాడు. మా ఆడబిడ్డ ఏడుపు ఆపి “ఈడెవడే? మా తమ్ముడేడి?” అని అడిగింది. ఆ ఏడుపుల మధ్య నలుగురూ నవ్వారు, నేనూ నవ్వాను.

పెండ్లి ఫొటోలు అలంపూర్‌లో మా అమ్మ ట్రంకు పెట్టెలో ఉండేవి. పెద్ద వరదకు నానిపోయి ఒకదానికొకటి అతుక్కున్నాయి. విడదీస్తే పైపొర ఊడొచ్చింది. పట్టు పంచె మిగిలింది, బాసింగం మిగిలింది. ముఖం ఉండాల్సిన చోట తెల్ల కాగితం. అప్పుడు ఆయన నవ్వి, మనిషినే ఇంట్లో పెట్టుకుని ఫొటోకు ఏడుస్తావేమన్నాడు.

ఇక్కడి నుంచి చెప్పడం కష్టం. సంక్రాంతి దాటేసరికి ఆయన ముఖం నాకు గుర్తుకు రావడం మానేసింది.

చేతులు గుర్తున్నాయి. నడిచే తీరు గుర్తుంది, ఎడమ భుజం దించి, మెడ ఒక పక్కకు వాల్చి. దగ్గు గుర్తుంది. ముఖం దగ్గరికి వచ్చేసరికి ఆ తెల్ల కాగితమే. ఎక్కువ సేపు తలచుకుంటే ఫ్లెక్సీ మీది మనిషి వచ్చి నిలబడేవాడు. ఆ మనిషిని పొమ్మనేదాన్ని. కట్టుకున్నవాడి ముఖం మరిచిపోయే ఆడది లోకంలో ఉంటుందా? ఇది ఎవరితో చెప్పుకోను? కుచ్చులు కడుతూ కండ్లు మూసుకునేదాన్ని, దారం చిక్కుపడేది. అన్నం ముందు కూర్చుంటే చేయి కదిలేది కాదు. ఇంకేమీ వద్దు, ఒక్కసారి ఆ ముఖం చూస్తే చాలు. అది ఆకలి లాంటిదే. తింటే పోయేది కాదు.

చివరికి శిరీషకు చెప్పాను. ఆయన బ్లాగ్ మొత్తం నాకు చూపించు, ఎక్కడన్నా అద్దంలోనో గిన్నెలోనో ఆయన పడి ఉంటాడు, వెతుకుదాం అన్నాను. ఇద్దరం కూర్చుని ఒక్కో ఫొటో పెద్దది చేసుకుంటూ పోయాం. ఒకచోట నేల మీద ఆయన నీడ ఉంది. ఒక దుకాణం అద్దంలో ఆయన చేయి ఉంది. స్టీలు డ్రమ్ములో మనిషే ఉన్నాడు గానీ ముఖానికి అడ్డంగా ఫోన్ ఉంది. ఆ డ్రమ్ము ఫొటోను నేను ఎంతసేపు చూశానో. ఫోన్ పక్కకు జరుగుతుందన్నట్టు చూశాను.

“పెద్దమ్మా, కండ్లు పోతయ్, జర ఆగు” అంది శిరీష. ఆగకుండా ఇంకో ఫొటో చూపించమన్నాను.

ఆ తర్వాతే అది వచ్చింది. సజ్జ చేను. చేను మధ్యలో కట్టెకు కట్టిన దిష్టిబొమ్మ, పిట్టలను బెదిరించడానికి రైతులు నిలబెట్టేది. తలకు బోర్లించిన మట్టి కుండ. ఫొటో వెనక నుంచి తీసి ఉంది. బొమ్మ ముఖం అటు చేనులోకి ఉంది, వీపు మన దిక్కు ఉంది. ఎడమ భుజం దించి, మెడ ఒక పక్కకు వాల్చి, అచ్చం ఆయన నిలబడ్డట్టే ఉంది.

కింద ఆయన రాసిన ముక్కను శిరీష చదివింది. “మల్దకల్ దాటినంక కనబడ్డడు. మొకం చూడాలంటే చేన్లకు దిగాలె.”

నేను వింటూనే ఫోన్ లాక్కున్నాను. బొమ్మ తొడుక్కున్న అంగి ఆయనదే. నీలం గీతల అంగి. పోల్చుకోవడానికి గీతలు అక్కర్లేదు, వీపు మీద నా అతుకు ఉంది.

ఆ అతుకు సంగతి చెప్పాలి. మా పక్కింటి మాసన్న మగ్గం నేస్తాడు. కార్తీకంలో కొత్త అంచుకు నమూనా నేశాడు. మగ్గానికి పైన అట్టలు ఉంటాయి, వాటి రంధ్రాలను బట్టే అంచులో పూలూ పిందెలూ పడతాయి. ఆ అట్టల దండలో కొన్నింటిని మాసన్న తిరగేసి కుట్టాడు. వరసగా నిలబడాల్సిన మామిడి పిందెల్లో ఒకటి తలకిందులుగా పడింది. చూసుకుని నాలుక కరుచుకుని, నేసిన ఆ జానెడు గుడ్డను కోసి, అట్టలు విప్పి సరిగ్గా కుట్టుకున్నాడు. కోసిన ముక్కను నాకిచ్చాడు. ఆయన చనిపోయిన రోజు పొద్దున దాన్నే అంగి చిరుగు మీద వేశాను. అట్లాంటి పింద గద్వాల మొత్తంలో ఇంకొకటి లేదు.

ఫొటోలో ఆ పింద తలకిందులుగానే ఉంది. నా కుట్లు కూడా కనబడుతున్నాయి, మూల దగ్గర దారం సరిపోక ఎర్రదారం కలిపిన కుట్టుతో సహా.

ఫొటో తేదీ దసరాకు ముందుది. మాసన్న ఆ గుడ్డ నేసింది దీపావళి దాటాక.

శిరీష ఆయన ఫోన్ తెచ్చి అందులో అసలు ఫొటో తీసి చూసింది. అదే ఫొటో, అదే తేదీ. ఈ ఫొటో ఆయన పెట్టిన రోజే నువ్వు చూశావు కదా అని అడిగాను. “బొమ్మ యాదికుంది పెద్దమ్మా. ఏం తొడుక్కుందో యాదికి లేదు” అంది.

మాసన్నకు చూపించాం. కండ్లద్దాలు పెట్టుకుని, తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని చూశాడు.

“పింద నాదే. నా తప్పు నాకు తెల్వదా” అన్నాడు. “గని అప్పటికి నేను తప్పే చెయ్యలే గదమ్మా.”

కంప్యూటర్లు తెలిసిన తన తోటి విద్యార్థికి శిరీష ఫొటో పంపింది. ఎవరూ మార్చినట్టు లేదని అతను చెప్పాడు. సరే, ఆ అంగే ఎక్కడికన్నా పోయి ఉంటుందా? పోలేదు. ఆయనకు స్నానం చేయించి కొత్త పంచె కట్టినప్పుడు, వంటి మీది అంగిని తీసి కట్టెల మీద కాళ్ల దగ్గర పెట్టారు. నేను ఇంట్లో ఉంచుకుంటానన్నాను. పోయినవాడి బట్ట ఇంట్లో ఉండొద్దని మా బావ ఒప్పుకోలేదు. అది అంటుకోవడం నేను నా కండ్లతో చూశాను. ముందు కాలర్, తర్వాత వీపు.

ఇదంతా వాళ్లకు వింత. నాకు మాత్రం ఒకటే పట్టుకుంది. మొకం చూడాలంటే చేన్లకు దిగాలె. ఆ బొమ్మ ముందు దిక్కుకు పోయి చూడాలి. ఏం ఉంటుందని అనుకున్నావంటే చెప్పలేను. ఏదో ఉంటుంది. ఉండాలి.

మాఘంలో ఒక పొద్దున ఇద్దరం బస్సెక్కి మల్దకల్ దాటాక దిగాం. ఫొటోలో దూరంగా ఒక సెల్ టవరు, దాని పక్కన పొట్టి వేపచెట్టు ఉన్నాయి. వాటిని పట్టుకుని పొలాల గట్ల మీద నడిచాం. ఎండ చురుక్కుమంటోంది. ఒక చేనులో శనగలు పీకుతున్న ముసలామె మమ్మల్ని చూసి నడుము పట్టుకుని లేచింది. పేరు ఈరమ్మ అని తర్వాత తెలిసింది.

“ఎవలు మీరు? మల్ల ఏం సర్వే వచ్చింది?” అంది.

“సర్వే కాదవ్వా, బొమ్మ కోసం వచ్చినం” అన్నాను.

“మంచిగుంది. మనుషులను అడిగేటోళ్లు లేరు గని బొమ్మను అడిగేటోళ్లొచ్చిండ్రు” అని గట్టు దిక్కు చేయి చూపింది.

బొమ్మ అక్కడే ఉంది. సజ్జ కోత అయ్యాక పీకి గట్టు మీద పాతిందట. అదే వంగిన భుజం, అదే వాలిన మెడ, అదే కుండ. ఒంటికి మాత్రం అంగి లేదు. చేతుల కోసం బొక్కలు పెట్టిన యూరియా సంచి ఉంది. ఎండకు రంగు పోయి పెళుసుబారింది.

“అంగి ఎప్పుడు తీసినవ్ అవ్వా?”

“ఏం అంగి? మా ముసలోడు పోయి ఎన్నేండ్లాయె, నా ఇంట్ల అంగి ఎక్కడిది? ఉంటే చలికి నేనే తొడుక్కుందు. మొదటి సంది గీ సంచే.”

శిరీష ఫోన్‌లో ఫొటో చూపించింది. ఈరమ్మ ఫోన్‌ను దూరం పెట్టి, దగ్గర పెట్టి చూసింది. కుండ అంచు పగిలిన చోటు చూసింది. కట్టె మీద గొడ్డలి గాటు చూసింది. నవ్వు ముఖం మారిపోయింది.

“కుండ నాదే. కట్టె నాదే” అంది మెల్లగా. “అంగి నాది కాదు.”

నేను ఆగలేదు. చుట్టూ తిరిగి ముందుకు పోయాను. కుండ మీద ఏమీ లేదు. పొయ్యి మీద మాడిన నలుపు. చేత్తో తడిమాను, కొంగుతో తుడిచాను. ఏమీ లేదు. అప్పుడు నా నోట్లోంచి వచ్చిన కూత నాకే కొత్తగా వినబడింది. శనగచేనులో కూలబడ్డాను. ఆయనను కాల్చిన రోజు కూడా నేను అట్లా అరవలేదు.

ఈరమ్మ వచ్చి పక్కన కూర్చుంది. రొండిన దోపుకున్న సంచిలోంచి ఆకులు, సున్నం డబ్బీ తీసి ఒకటి చుట్టుకుంది. అది నోట్లో పెట్టుకుని తనే మొదలుపెట్టింది.

“ట్రాలీ ఆటో ఆయన నీ పెనిమిటా? నవ్వులాటోడు. బండి తొవ్వ మీద ఆపి చేన్లకు దిగిండు. ‘అవ్వా, నీ బొమ్మ పోలీసోని లెక్క నిక్కి నిలబడ్డది, పిట్టలు సలాం కొట్టి తిని పోతయ్’ అన్నడు. కట్టె వంచి, తాడు మల్ల కట్టి, గిట్ల వంకర నిలబెట్టిండు. అచ్చం తన తీరుగనే. నాకు నవ్వాగలే. ఎనకనుంచి ఫొటో కొట్టిండు. అటెన్క నా సున్నం అడుక్కొని, ఏలితోని కుండ మీద మొకం గీసిండు. ఎవని మొకం అంటే, నాదే అన్నడు. మరి ముందుకెంచి గూడ ఫొటో తియ్యరాదు అన్న. ‘లోకానికి ఈపు సాలు. ముందు దిక్కు మా ఇంటామెను తోలుకొచ్చి చూపిస్త’ అన్నడు.”

ఈ ముక్క ఆయన నాతో ఎప్పుడూ అనలేదు. అనేలోపే ఆ రోజు వచ్చిందేమో.

“అది ఏమైంది అవ్వా?”

“కార్తీకంల ముసురు వట్టలే? సున్నం ఎన్ని దినాలు ఉంటది బిడ్డా. కడుక్క పోయింది.”

ఆమె సున్నం డబ్బీ తీసుకున్నాను. వేలు ముంచి కుండ ముందు నిలబడ్డాను. రోజూ ముగ్గు వేసే చేయి ఇది. కన్ను ఎక్కడ పెట్టాలో తెలియలేదు. ఏదో గీశాను. ఫ్లెక్సీ మీది మనిషి వచ్చాడు. అరచేత్తో తుడిచేశాను. సున్నానికి అరచేయి మండింది.

“నాకు యాదికి లేదవ్వా” అన్నాను. శిరీషకు తప్ప ఎవరికీ చెప్పని మాట ఆ ముసలామెకు చెప్పాను. “మా ఆయన మొకం నాకు యాదికి లేదు. నువ్వు చూసినవ్ గద. ఎట్లుండె?”

ఆమె నన్ను ఎగాదిగా చూడలేదు. కుండ దిక్కు చూస్తూ, ఇప్పుడే గీస్తున్నవాడిని చూసి చెప్పినట్టు చెప్పింది.

“కనుబొమ్మలు రెండు కలిపి గీసిండు, నడుమ ఎడం లేకుంట. ముక్కు కొస మీద లావు. చెవులు పెద్దగ గీసి, నా చెవులు చాటలు అవ్వా అన్నడు. నవ్వుతున్నట్టు గీసిండు. గని మూతి రెండు దిక్కులా పోదు, కుడి దిక్కే పోతది. గదుమ కింద ఒక గీత పెట్టిండు. ఇదేంది అంటే, సిన్నప్పుడు బర్రె తన్నింది అన్నడు.”

బర్రె తన్నిన గాటు. ఆ మాటతో ఆయన వచ్చాడు. గదుమ కింద గాటు, పైన ఒక దిక్కే పోయే నవ్వు, కలిసిన కనుబొమ్మలు, చాట చెవులు, కండ్లు. కండ్ల గురించి ఈరమ్మ ఏమీ చెప్పలేదు, అవి వాటంతటవే వచ్చాయి. శనగచేనులో కూర్చుని నేను మా ఆయన ముఖం చూశాను. ఇది దయ్యం కాదు. జ్ఞాపకమే. దాన్ని నేను వింతల్లో కలపడం లేదు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో శిరీష ఆ ఫొటో కింద పాత మాటలు చదువుతూ నా చేయి గట్టిగా పట్టుకుంది. ఫొటో పెట్టిన రోజుల్లోనే, దసరాకు ముందే, చూసినవాళ్లలో ఒకరు రాసిన ముక్క ఉంది. “యూరియా సంచి డ్రెస్ సూపర్ అన్నా” అని. ఆ మనిషి చూసినప్పుడు సంచే ఉంది. మేము చూసేనాటికి అంగి ఉంది. ఇప్పటికీ అంగే ఉంది. నమ్మనివాళ్లు ఈ బ్లాగ్‌లోనే కిందికి పోయి చూసుకోవచ్చు.

కాలిపోయిన అంగి, నేయకముందే పడిన పింద, అతుకు వేయకముందే నా కుట్లు. దీనికి నా దగ్గర జవాబు లేదు. మాసన్నకు తెలియదు, చదువుకున్న శిరీషకూ తెలియదు. ఎవరికన్నా తెలిస్తే చెప్పండి. చెప్పలేకపోతే దయ్యమని మాత్రం అనకండి. ఆయన బతికి ఉండగా ఎవరినీ భయపెట్టలేదు.

ఇది రాయించడానికి కారణం అది కాదు. ఆ రోజు చేనులో వచ్చిన ముఖం గద్వాల బస్టాండు దాకా నాతో ఉంది. బస్సు దిగి, జనంలో ఒకరినొకరు తోసుకుంటూ ఇంటికి చేరేసరికి పోయింది. మళ్లీ తెల్ల కాగితం. తెల్లారి ఈరమ్మ మాటలు ఒక్కొక్కటి తలచుకున్నాను. కనుబొమ్మలు దొరికాయి, ముక్కు దొరకలేదు. ముక్కు దొరికితే నవ్వు ఎటు దిక్కో మరిచాను. ఆమె చెప్పిన వరస తప్పితే ఆయన రావడం లేదు. శిరీష ఆ రోజు అన్నీ విన్నది కాబట్టి ఆ వరస పోకముందే రాయమన్నాను. ఆయన బ్లాగ్‌లోనే పెట్టమన్నాను. లోకానికి ఈపు చాలన్నాడు, నాకు తెలుసు. కోపం చేసుకుంటే చేసుకోనీ. నాకు వేరే తొవ్వ లేదు.

ఇగ సాలు బిడ్డా, రాసుడు ఆపు. అవ్వ చెప్పిన కాడ్నుంచి ఒకసారి చదువు. కనుబొమ్మల కాడ్నుంచి. మెల్లగ చదువు, నేను కండ్లు మూసుకుంట.